నాలుగు గంటల నీళ్లు

బరువు చూసే మిషను మీద రెండు కాళ్లూ పెట్టి, తూలిపోతానేమోనని నారాయణప్ప గోడకు చెయ్యి ఆనించాడు. అంజలి ఆ చేతిని మెల్లగా కిందికి దించింది.

"గోడ పట్టుకుంటే సరిగ్గా సూపీదు నాయనా. ఊరికే నిలబడు."

ఆయన నిలబడ్డాడు. అంజలి వంగి అంకె చూసింది. దిగమని, మళ్లీ ఎక్కమంది. అంకె మారలేదు. నిన్న సోమవారం టౌన్లో డయాలసిస్ చేయించుకుని సాయంత్రం బస్సుకు వచ్చిన మనిషి ఈ పొద్దున ఇంత బరువు ఉండకూడదు. చేరిన నీరంతా మిషను లాగేశాక ఒంటికి మిగలాల్సిన బరువు ఒకటుంటుంది. ఆయన దానికి మూడు కిలోలు పైన ఉన్నాడు.

ఆమె కింద కూర్చుని తండ్రి కాలి మడమకు కాస్త పైన బొటనవేలితో నొక్కి పట్టింది. వేలు తీశాక అక్కడ పడ్డ గుంట పూడలేదు.

"నీళ్లు తాగినావు నువ్వు."

"నువ్వు పోసిందే తాగినా పాపా."

"కిలో బరువంటే లీటరు నీళ్లు. నేను చెప్తాండేది కాదు, పుస్తకంలో ఉండాది. మూడు లీటర్లు నీ ఒంట్లోకి గాల్లోంచి వచ్చినాయా?"

నారాయణప్ప వెళ్లి మంచం మీద కూర్చుని ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. డయాలసిస్ సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన చోట ఆ చెయ్యి మోకులా ఉబ్బి ఉంటుంది. వేలు పెడితే లోపల తుమ్మెద ఇరుక్కున్నట్టు జుమ్మంటుంది. చేసేందుకు పని లేనప్పుడు ఆయన ఆ చేతిని కుడి చేత్తో నిమురుతూ కూర్చుంటాడు.

శనివారం అనంతపురంలో పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు ఉద్యోగాలకు ఎన్నో ఏళ్లకు పడిన నోటిఫికేషన్. ఇది పోతే అంజలికి వయసు దాటిపోతుంది. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, టౌన్లో ఒక నర్సింగ్ హోంలో చేస్తోంది. వచ్చే నెలంతా రాత్రి డ్యూటీలు చేస్తానని ఒప్పుకుంటే గానీ వాళ్లు ఈ వారం సెలవు ఇవ్వలేదు. చాప చుట్టి గోడకు వేసి, దానికి ఆనుకుని, దిండంత లావున్న గైడు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నేర్చుకున్నవన్నీ కొత్తగా కనిపిస్తున్నాయి. కాన్పులు, టీకాలు, మందుల మోతాదులు, కాలిన గాయాలు అన్నీ ఒకసారి తిరగేసింది. కిడ్నీల పాఠం మాత్రం దాటేస్తూ వచ్చింది. ఇవాళ ఇక తప్పదు.

పైకి చదవడం ఆమెకు అలవాటు. ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, దాన్నే తనకు తాను తెలుగులో చెప్పుకుంటుంది. మంచం మీద తండ్రి వింటూ ఉంటాడని తెలుసు. అందుకని ఈ పాఠాన్ని గొంతు తగ్గించి చదివింది. రోజూ ఒకే వేళకు బరువు చూడవలెను. అరటిపండు, కొబ్బరినీళ్లు ఇవ్వకూడదు, వాటిలోని పొటాషియం గుండె లయను తప్పిస్తుంది. ఉబ్బిన చేతికి బీపీ చూడకూడదు, సెలైన్ ఎక్కించకూడదు. రెండు డయాలసిస్‌ల నడుమ బరువు పెరగడానికి కారణాలు: మితిమీరి నీరు తాగడం, ఉప్పు, చాలినంతసేపు డయాలసిస్ జరగకపోవడం. ఆ చివరి మాట దగ్గర ఆమె ఆగలేదు. మొదటిదాని కింద గీత గీసి పేజీ తిప్పింది.

ఎండ ముదిరే వేళకు నారాయణప్ప తువ్వాలును చెంబులో ముంచి పెదాల మీద వేసుకున్నాడు. అంజలి తలెత్తి చూసింది.

"అది ఇట్లియ్యి నాయనా."

"పెదాలు ఎండిపోతాండాయి. తడి చేసుకుంటాండా, అంతే."

"పిండుకుని తాగితే ఎవరు సూడొచ్చినారు?"

ఆయన తువ్వాలు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని బయటి తీగ మీద ఆరేసి వచ్చింది. తర్వాత నీళ్ల కడవను, బిందెలను లోపలి గదిలోకి జరిపి గడియ పెట్టింది. వారానికి ఒకటో రెండో వచ్చే ట్యాంకరు దగ్గర పట్టుకున్న నీళ్లవి. చిన్న స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని, పొద్దుటి నుంచి పోస్తున్న దానిలో సగమే పోసి ఇచ్చింది. ఆయన ఆ గుక్కెడును నోట్లో పోసుకుని చాలాసేపు మింగలేదు. బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, కళ్లు మూసుకుని, కొంచెం కొంచెం గొంతులోకి వదిలాడు. అంజలి పుస్తకం అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం అంజలి తల్లి కదిరమ్మ కరువు పని నుంచి వచ్చింది. చెరువులో మట్టి తవ్విన దుమ్ము కనురెప్పల మీద కూడా ఉంది. నేరుగా కడవ ఉండే మూలకు పోయి, అది కనబడక నిలబడిపోయింది.

"కడవ యాడ?"

"లోపలుండాది. గడియ తీసుకో. నాయనకు మాత్రం పోయొద్దు. నువ్వే పోస్తాండావు, నాకు తెలుసు."

"నేనా? పొద్దున్నే పారెత్తుకుని పోతే ఇప్పుడొస్తి. నేనెప్పుడు పోస్తినే?"

"మరి బరువెట్ల పెరుగుతాది?"

"అది నీ పుస్తకాన్నే అడుగు. ఇంటికొచ్చిన మనిషి గుక్కెడు నీళ్లు తాగాలంటే నీ పర్మిషన్ కావల్నా?"

"తాగి తాగి ఒకరోజు ఊపిరాడక పోతాడు. అప్పుడు ఏడుద్దువులే!"

మంచం మీద నుంచి నారాయణప్పే మెల్లగా అన్నాడు.

"కదిరమ్మా, గమ్మునుండు. పాప చదువుకుంటాది."

గురువారం తనూ డయాలసిస్ సెంటరుకు వస్తానని అంజలి చెప్పింది. ఆయన వద్దన్నాడు. చదువు పోతుందన్నాడు, ఎండన్నాడు, బస్సులో సీటుండదన్నాడు. ఇన్ని సాకులు చెబుతుంటే ఆమెకు అనుమానం గట్టిపడింది. దార్లో ఎక్కడో తాగుతున్నాడు. సెంటర్లో మిషన్లు నడిపే ప్రతాప్‌కు చెప్పి నాలుగు మాటలు గట్టిగా అనిపించాలి అనుకుంది.

*

కుందుర్పి నుంచి వచ్చే మొదటి బస్సు పట్టుకుని టౌన్లో దిగి, ఆటోలో సెంటరుకు చేరేసరికి వసారా బెంచీ మీద దాదా ఖలందర్, ఆయన భార్య జుబేదాబీ కూర్చుని ఉన్నారు. పక్క ఊరివాళ్లే, పరుపులు కుట్టేవాళ్లు. ఆయన డయాలసిస్ వంతు రెండో బ్యాచిలో, మధ్యాహ్నం. అయినా పొద్దున బస్సు తప్పితే మళ్లీ లేదని ఇప్పుడే వచ్చేశారు. దాదా ఖలందర్ చొక్కా భుజం మీద దూది పీచు ఒకటి అంటుకుని ఉంది.

"ఏమన్నా, పాపను పిల్చుకొస్తివే ఈ పొద్దు," అన్నాడు ఆయన నారాయణప్పతో.

నారాయణప్ప నవ్వీ నవ్వనట్టు తలాడించి గబగబా లోపలికి పోయాడు.

"పరీచ్చంటనే తల్లీ," అని దాదా ఖలందర్ అంజలిని పలకరించాడు. ప్రతి రెండు మాటలకూ ఆగి గాలి తీసుకుంటున్నాడు. "గవర్నమెంటు నర్సమ్మవు అయినాక, ఈడికే ఏయించుకో. మమ్మల్ని సూసుకుందువు."

"ముందు పాస్ కానీ చిన్నాయనా," అంది అంజలి. ఆయన పాదాలు చెప్పుల్లో పట్టకుండా ఉబ్బి ఉండటం ఆమె చూసింది. ఈయన కూడా నీళ్లు తాగుతున్నాడు అనుకుంది.

లోపల నాలుగు మంచాలు, నాలుగు మిషన్లు. ప్రతాప్ నారాయణప్ప చేతికి సూదులు గుచ్చి, గొట్టాలు కలిపి, మీటలు నొక్కాడు. గొట్టాల్లో రక్తం ఎర్రగా చుట్టూ తిరగసాగింది.

"ప్రతాప్, మా నాయన ఈడికొచ్చేటప్పుడు నీళ్లు తాగుతాడా? బరువు దిగేదే లేదు."

ప్రతాప్ మిషను వైపే చూస్తూ, "పెద్దాయన మంచోడక్కా. అట్లాంటిదేం లేదు," అన్నాడు.

అంజలి స్టూలు లాక్కుని తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. మిషను గుర్రుమనే శబ్దానికి చదువు బాగానే సాగింది. గుండె జబ్బుల పాఠం సగానికి వచ్చింది. ఇంతలో ప్రతాప్ వచ్చి మిషను మీద ఏదో నొక్కి, గొట్టంలో రక్తాన్ని తిరిగి చేతిలోకి పంపడానికి సెలైన్ సీసా తగిలించాడు. అంజలి తలెత్తి తెర మీద చూసింది. ఇంకా గంటన్నర మిగిలి ఉంది.

"ఏం చేస్తాండావు?"

"అయిపోయిందక్కా."

"యాడయింది? నాలుగు గంటలు కదా. రెండున్నరకే యాల దించుతాండావు?"

ప్రతాప్ చెయ్యి ఆగిపోయింది. పక్క మంచాల మీది వాళ్లు కళ్లు తెరిచారు. నారాయణప్ప తల ఎత్తకుండానే, "సాలు పాపా. దించనీ," అన్నాడు.

"నువ్వు గమ్మునుండు నాయనా!" అంజలి లేచి నిలబడింది. ఒళ్లోని గైడు జారి నేల మీద బోర్లా పడింది. "ఎన్నాళ్ల నుంచి ఇట్ల? ఎండాకాలం మొదలైన కాన్నుంచా? పైకి మాత్రం నాలుగు గంటలు చేసినట్టు లెక్క రాసి పంపిస్తాండారు గదా?"

"నీళ్లు లేవక్కా," ప్రతాప్ గొంతు తగ్గించాడు. "ఒక్కొక్క మిషనుకు గంట గంటకు ఎంత నీరు కావల్నో నీకు తెలుసు. బోరు ఎండిపోయింది. కంపెనీ ఒక ట్యాంకరే పంపిస్తాది. అది కూడా పెండ్లిండ్ల కాలమని ముందు కల్యాణ మండపానికి పోసి వస్తాడు."

"పెండ్లిలో చేతులు కడిగేదానికి ఉండాయి, మనిషి రక్తం కడిగేదానికి లేవా?"

ఆమె ఫోను తీసి మిషను తెరను వీడియో పట్టింది. మిగిలిన గంటన్నర కనబడేలా దగ్గరికి పెట్టింది. సెంటరు నడిపే కంపెనీ మేనేజరు ఉదయ్ కుమార్ నంబరు ప్రతాప్ చేతనే చెప్పించుకుని కలిపింది. తను నర్సునని, ఇదంతా కలెక్టరాఫీసుకు పంపుతానని, అప్పటిదాకా ఈ మంచం దగ్గర నుంచి కదలనని చెప్పింది. అవతలి మనిషి కాసేపు బుజ్జగించి, కాసేపు విసుక్కుని, చివరికి ఫోను ప్రతాప్‌కు ఇమ్మన్నాడు.

ప్రతాప్ విని, "సరే సార్," అన్నాడు. సెలైన్ సీసా తీసేసి మిషను మళ్లీ నడిపాడు. "సరే అక్కా. మీ ఇష్టం," అన్నాడు ఆమెతో. అప్పటికి మిగతా ముగ్గురి తరఫు మనుషులు కూడా లేచి, మాకూ నాలుగు గంటలు కావాలన్నారు. ప్రతాప్ వాళ్లతో వాదించలేదు.

నారాయణప్ప గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. సిగ్గుపడుతున్నాడు, పల్లెటూరి మనిషి కదా అనుకుంది అంజలి. కింద పడిన పుస్తకం దులిపి కూర్చుంది. ఆ గంటన్నర ఆమె చదివినంత హాయిగా ఈ నెలలో ఎప్పుడూ చదవలేదు. దించాక బరువు చూస్తే రావలసిన అంకెకు సరిగ్గా వచ్చింది. పాదం నొక్కితే గుంట పడలేదు. "సూసినావా!" అంది తండ్రితో. ఆయన చేతి మీద దూది అదుముకుని బయటికి నడిచాడు.

వసారాలోకి వచ్చేసరికి పక్క గదిలోని మోటారు నీళ్లు అందక గాలి పీలుస్తూ కీచుమంటోంది. ప్రతాప్ దాన్ని ఆపి వచ్చి, రెండో బ్యాచి వాళ్ల ముందు నిలబడ్డాడు.

"నీళ్లయిపోయినాయి. మళ్లా ట్యాంకరు ఎప్పుడొస్తాదో చెప్పలేము. సోమవారం రండి. ఆయాసం, దమ్ము ఎక్కువగా ఉండేవాళ్లు అనంతపురం పోండి."

ముగ్గురు లేచి, తిట్టుకుంటూ ఫోన్లు తీశారు. దాదా ఖలందర్ మాత్రం లేవలేదు. జుబేదాబీ అన్నం గిన్నె సంచిలో సర్దుతూ, అంజలి వైపు చూడకుండానే మాట్లాడింది.

"మీ నాయనే చెప్పినాడమ్మా, అందరికీ. ఆ నడుమ ఒకాయమ్మను నీళ్లు లేవని ఎనక్కి పంపినప్పుడు. పొద్దునోళ్లు రెండున్నర గంటకు దిగితే మాపటేలోళ్లకు రెండున్నర గంటలు వస్తాది, ఎవరూ ఎనక్కి పోరు అన్యాడు. అందరం ఒప్పుకుంటిమి. ఆ పొద్దు నుంచి ఎవరూ ఎనక్కి పోలేదు."

అంజలి తండ్రి కోసం చూసింది. ఆయన దాదా ఖలందర్ పక్కన కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. నారాయణప్ప చెయ్యి మాత్రం అవతలి మనిషి మోకాలి మీద ఉంది.

*

బస్సులో చాలా దూరం వచ్చాక అంజలి అడిగింది.

"నాకెందుకు చెప్పలే నాయనా?"

"చెప్తే నువ్వు గమ్మునుంటావా? కొట్లాడుతావు. పరీచ్చ పెట్టుకుని."

"నీళ్లు తాగినావని నిన్ను అన్ని మాటలంటి. తువ్వాలు కూడా గుంజుకుంటి."

"అననీలే అనుకున్నా. నీళ్లు తాగినాడనే మాటొకటి పడితే ఏమైతాది?" కిటికీలోంచి బీడు పొలాల వైపు చూస్తూ ఆగాడు. "నాలుగు గంటలు కావల్లని నేనడిగితినా నిన్ను?"

ఆ రాత్రి ఆయన చాలా రోజుల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. కదిరమ్మ అది చూసి సంతోషించింది. ఏం జరిగిందో ఆమెకు ఇద్దరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున అంజలి పుస్తకం తెరిచి ఒకే పేజీని పదే పదే చదివింది. ఒక్క ముక్కా తలకెక్కలేదు. నారాయణప్ప గడప దగ్గర నిలబడి, "ఆయప్ప ఎట్లుండాడో," అన్నాడు. అంతే అన్నాడు. ఆమె ఫోను చేసింది. జుబేదాబీ ఎత్తింది. ఆమె వెనక ఎవరో బుడగలు పోతున్న నీళ్లలోంచి గాలి పీలుస్తున్నట్టు శబ్దం వినిపించింది. అంజలి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది.

దాదా ఖలందర్‌ను చుట్టుపక్కల వాళ్లు పడుకోబెట్టి విసురుతున్నారు. అంజలి ముందు ఆయన్ను లేపి కూర్చోబెట్టింది. కాళ్లు మంచం కిందికి వేలాడేలా జరిపి, సగం కుట్టి వదిలేసిన పరుపును చుట్టి ఆయన ముందు పెట్టి, దాని మీదికి వంగి చేతులు ఆనించమంది. పెదాలు నల్లబడ్డాయి. నోటి చివర గులాబీ రంగు నురగ. కుడి చెయ్యి నాడి పట్టింది. కొట్టుకుంటూ, ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ కొట్టుకుంటోంది.

"ఏమన్నా తినినాడా? తాగినాడా?"

"నాలిక పిడచ కట్టుకపాయెనని పొద్దున కొబ్బరినీళ్లు పోస్తినమ్మా," అంది జుబేదాబీ. "ఎవరో బోండాలు తెచ్చిచ్చిరి. పుణ్యమొస్తాదని."

అంజలి కళ్లు మూసుకుని తెరిచింది. 108కి ఫోను చేసి, కిడ్నీ పేషెంటు, డయాలసిస్ తప్పింది, ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చింది, కొబ్బరినీళ్లు తాగాడు, ఆక్సిజన్ ఉన్న బండి కావాలి అని ఒక్కొక్క ముక్కా విడమరిచి చెప్పింది. బండి వచ్చేదాకా ఆయన వీపుకు తన భుజం ఆనించి నిలబడింది. ఆయన చెమట ఆమె జాకెట్టును తడిపేసింది. "నర్సమ్మా," అని ఒకసారి అన్నాడు, ఆ తర్వాత మాట రాలేదు. జుబేదాబీ మొగుడి పాదాల దగ్గర కూర్చుని ఏవో పేర్లు తలుచుకుంటోంది.

అనంతపురం దాకా బండిలో అంజలి ఆయన్ను పడుకోనివ్వలేదు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో డాక్టరుకు అన్నీ చెప్పింది. ఆయన వెంటనే ఇంజెక్షన్లు రాసి, డయాలసిస్ గదికి ఫోను చేశాడు. సాయంత్రానికి మిషను ఎక్కించారు. తలుపుకున్న గాజు ముక్కలోంచి అంజలి చూసింది. ఇక్కడి మిషను కూడా అదే రకం. తెర మీద మిగిలిన సమయం కదులుతోంది. ఆమె ఆ తలుపు దగ్గరే నాలుగు గంటలు పూర్తయ్యేదాకా నిలబడింది. నిలబడమని ఎవరూ అడగలేదు.

శనివారం అదే చీరతో పరీక్షకు పోయింది. పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. హాల్ టికెట్టు, ఆధార్ కార్డు కదిరమ్మ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపితే బస్టాండుకు వెళ్లి తెచ్చుకుంది. కంప్యూటరు ముందు కూర్చున్నాక కాసేపు అన్నీ తెలిసినవే అనిపించాయి. తర్వాత అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఒక ప్రశ్న చదివి జవాబు నొక్కేలోపు ప్రశ్న మరిచిపోతోంది. మధ్యలో తల వాలి ఎంతసేపు నిద్రపోయిందో తెలియదు. పర్యవేక్షణకు ఉన్న మనిషి వచ్చి బల్ల మీద తడితే లేచింది. ఎన్నో ప్రశ్నలు తెరవకుండానే సమయం అయిపోయింది. మెట్లు దిగుతున్నప్పుడు చుట్టూ అమ్మాయిలు జవాబులు సరిచూసుకుంటున్నారు. అంజలి రెయిలింగు పట్టుకుని వాళ్లకు దారి ఇచ్చింది. ఈ ఉద్యోగం ఇక తనకు రాదని ఆమెకు తెలిసిపోయింది. ఏడుపు వస్తుందేమోనని ఒక మూలకు వెళ్లి నిలబడింది. రాలేదు. ఆకలి మాత్రం వేసింది.

ఆసుపత్రికి తిరిగి వచ్చేసరికి దాదా ఖలందర్ వార్డులో మూడు దిండ్లకు ఆనుకుని నిద్రపోతున్నాడు. పెదాలు మామూలు రంగుకు వచ్చాయి. ఇంకో వారం ఇక్కడే ఉంచుతామన్నారట. జుబేదాబీ తన టిఫిన్ పొట్లంలోంచి సగం ఆమెకు పెట్టింది.

"ఎట్ల రాసినావమ్మా?"

"లేదు చిన్నమ్మా. పోయింది."

జుబేదాబీ ఇంకో ఇడ్లీ ముక్క ఆమె వైపు జరిపింది. "నీ మీద కోపం లేదని చెప్పను. ఉండాది," అంది. "నువ్వు రాకుంటే ఈ మనిషి లేడు. అదీ ఉండాది. రెండూ నాకు తెలుసు. తిను."

అంజలి తింది.

*

సోమవారం ఆమె డ్యూటీలో చేరాలి. చేరకుండా తండ్రితో కలిసి సెంటరుకు వచ్చింది. వసారాలో పొద్దుటి బ్యాచి వాళ్లు, వాళ్ల వెనక మాపటి బ్యాచి వాళ్లు ఉన్నారు. ఆమెను చూడగానే ఒకావిడ సంచి ఒళ్లోకి తీసుకుంది, కూర్చోవడానికి చోటిచ్చిందో, దూరం జరిగిందో అంజలికి తెలియలేదు. ఆమె నిలబడే ఉంది.

ప్రతాప్ బయటికి వచ్చి ఆమెను పక్కకు పిలిచాడు.

"అక్కా, దాదా ఖలందర్ అనంతపురంలో ఉండాడు కదా. ఆయప్ప వంతు ఖాళీ. రవ్వన్ని నీళ్లు మిగుల్తాయి. మీ నాయనకు నాలుగు గంటలు ఇమ్మని ఉదయ్ కుమార్ సార్ చెప్పినాడు. వీడియో మాత్రం యాడికీ పంపొద్దన్యాడు."

"మా నాయన ఒక్కడికేనా?"

"ఒక్కడికే వస్తాది అక్కా."

అంజలి లోపలికి వెళ్లి తండ్రి మంచం దగ్గర నిలబడింది. ప్రతాప్ సూదులు గుచ్చాడు. గొట్టాలు ఎర్రబడ్డాయి. నారాయణప్ప కూతురి ముఖంలోకి చూశాడు. ఆ రెండున్నర గంటలూ ఆమె చేతిలో పుస్తకం లేదు. ఒకసారి తండ్రి కాళ్లు నొక్కి చూసింది. పక్క మంచం ముసలామెకు చలి పుడుతుంటే దుప్పటి కప్పింది. అవతలి మనిషికి కాలు పట్టేస్తే పాదం వెనక్కి వంచి పట్టుకుంది. ప్రతాప్ మిగతా ముగ్గురినీ దించి, నారాయణప్ప మిషనును మాత్రం ముట్టకుండా దాటిపోతుంటే పిలిచింది.

"మా నాయనను కూడా దించు."

"అక్కా, సార్ చెప్పినాడు…"

"రెండున్నర గంటలే కదా అందరికీ. దించు."

ప్రతాప్ నారాయణప్ప వైపు చూశాడు. ఆయన అప్పటికే కుడి చేత్తో దూది అందుకున్నాడు.

బయటికి వచ్చాక అంజలి బస్టాండు వైపు పోలేదు. వసారాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఫోను తీసి ఆ వీడియోను జిల్లా ఫిర్యాదుల నంబరుకు పంపింది. పంపినట్టు ఉదయ్ కుమార్‌కు ఫోను చేసి తనే చెప్పింది. రెండో ట్యాంకరు వచ్చేదాకా పొద్దుటి బ్యాచిలో ఎవరూ ఇంటికి పోరని కూడా చెప్పింది. అలా ఎవరితోనూ అనుకోలేదు, తన తరఫునే చెప్పింది. ఫోను పెట్టేశాక చూస్తే, నారాయణప్ప వచ్చి ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి చలి పుట్టిన ముసలామె వచ్చి దుప్పటితో సహా కూర్చుంది. ఆ తర్వాత కాలు పట్టేసిన మనిషి వచ్చాడు. సంచి ఒళ్లోకి తీసుకున్న ఆవిడ తన చోటు నుంచి లేచి, "ఈడ నీడుంది, ఈడ కూసో పాపా," అంది.

"నీ పరీచ్చ ఎట్లయింది?" అని అప్పుడు అడిగాడు నారాయణప్ప. శనివారం నుంచీ అడగలేదు.

"పోయింది నాయనా."

ఆయన ఉబ్బిన చేతిని ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె దాని మీద వేలు పెట్టి జుమ్మనే అదురును చాలాసేపు చూసింది.

నర్సింగ్ హోం నుంచి రెండు మూడు సార్లు ఫోను వచ్చింది. ఉదయ్ కుమార్ నుంచి కూడా వచ్చింది. మొదట అరిచాడు, తర్వాత లేవండి మాట్లాడుకుందాం అన్నాడు. ఎండ వసారాలోకి పాకి, వాళ్ల మోకాళ్ల దాకా వచ్చి, వెనక్కి పోయింది. లోపల మాపటి బ్యాచికి మిషన్లు నడుస్తున్నాయి. కుందుర్పి బస్సు హారను కొట్టుకుంటూ రోడ్డు మీద పోయింది. ఎవరూ లేవలేదు.

పొద్దు వాలే వేళకు ట్యాంకరు వచ్చింది. మాపటి బ్యాచి వాళ్లకు ఆ రోజు నాలుగు గంటలూ నడిచింది.

గురువారం మళ్లీ ఒక్క ట్యాంకరే పంపారు. మళ్లీ కూర్చోవలసి వచ్చింది. ఈసారి అంజలి ఇంటి నుంచి చాప తెచ్చుకుంది.